భుజం దాటని పని

మా మావయ్య భీమేశ్వరరావు బళ్ళో ఏ పరీక్షా గట్టెక్కలేదు గానీ, వీసా మెడికల్ మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. గల్ఫ్‌కి రాకముందు రాజమండ్రి ఏజెంటు పంపించిన చోట పాసయ్యాడు. బహ్రెయిన్‌లో దిగాక పాసయ్యాడు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా వెళ్ళి పాసై వచ్చాడు. మా ఊళ్ళో కన్నబాబు అనే అతనికి ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని అన్‌ఫిట్ రాసినప్పుడు ఊరంతా వాళ్ళింటికి పరామర్శకు వెళ్ళింది. కన్నబాబు ఇప్పుడు రొయ్యల చెరువు చేసుకుంటూ మావయ్యకంటే బాగా ఒళ్ళు చేశాడు. అయినా మావయ్య అతని సంగతి ఎత్తితే "పాపం" అనే మొదలుపెడతాడు.

ఇక్కడ బహ్రెయిన్‌లో, సల్మాబాద్ అనేచోట మావయ్య పనిచేసే వర్క్‌షాపులో ఇనప గేట్లు తయారుచేస్తారు. ఆ గేట్లలో ఒకటి గొలుసు జారి మావయ్య కుడి భుజం మీద పడింది. ఆసుపత్రిలో ఎముక అతికించారు గానీ చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవలేదు. కొన్నాళ్ళు కూర్చోబెట్టి చిన్నచిన్న పనులు చెప్పాక కంపెనీవాళ్ళు, "డాక్టర్ల కమిటీ దగ్గరికి వెళ్ళు. నువ్వు ఏ పని చెయ్యగలవో వాళ్ళు తేలుస్తారు" అన్నారు. మావయ్య దాన్ని కూడా తనకు అలవాటైన పరీక్షే అనుకున్నాడు.

మేం గుదైబియాలో ఒక పాత బిల్డింగులో ఉంటాం. ఒకటే గది. మధ్యలో తాడుకి వేలాడదీసిన చీర. ఇటు నేను, అటు మావయ్య, వీరమ్మత్త. అత్త హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. నేను కింద లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. వంటగది ఎదురు గదివాళ్ళకీ మాకూ కలిపి ఒకటే.

దెబ్బ తగిలిన దగ్గర్నుంచి పొద్దున్నే చీర అవతల ఒక తతంగం నడుస్తుంది. అత్త మావయ్యకు చొక్కా తొడుగుతుంది. ముందు కుడి చెయ్యి, వెనకనుంచి చుట్టి తిప్పి ఎడమ చెయ్యి, ఆ తర్వాత గుండీలు. చివరికి దువ్వెన తీసి తల దువ్వి, దాన్ని ఆయన జేబులోనే పెడుతుంది. అప్పుడు ఎవరైనా తలుపు కొడితే మావయ్య చటుక్కున దువ్వెన లాక్కుని ఎడం చేత్తో మీసం దువ్వుకుంటూ కనిపిస్తాడు. వంటగదిలో పై అరమీది డబ్బాలు కూడా అంతకుముందు ఆయనే దించేవాడు. ఇప్పుడు అత్త స్టూలెక్కుతుంది. "ఉండవే, నేను తీస్తాను" అంటాడు మావయ్య, ఆవిడ దిగిపోయాక.

కమిటీకి వెళ్ళే ముందు అప్పాజీని పిలిపించుకున్నాడు. అప్పాజీ పనివాళ్ళ క్యాంపు మెస్సులో వంటవాడు. మెడికల్‌కి వెళ్ళే మనవాళ్ళు ఎవరైనా ముందు అతని సలహా తీసుకోవాల్సిందే.

"జుట్టుకి రంగెయ్యి బావా" అన్నాడు అప్పాజీ. "పచ్చడి మానెయ్. బార్లీ నీళ్ళు తాగు. లోపలికెళ్ళగానే నవ్వు. నవ్వేవాడికి రోగం ఉందని ఏ డాక్టరూ అనుకోడు."

"భుజమో?" అంది అత్త.

"దానికి నొప్పి బిళ్ళ ఉందిగా అక్కా. వెళ్ళబోయే ముందు వేసుకుంటాడు."

"నొప్పి ఉందో లేదో చూడ్డానికి పిలిస్తే, నొప్పి బిళ్ళ మింగి వెళ్తారా?"

"నువ్వూరుకోవే" అన్నాడు మావయ్య. "మెడికల్ గురించి నీకేం తెలుసు?"

ఆ రోజు తోడు వెళ్ళింది అప్పాజీయే. సాయంత్రం వచ్చి, అత్త ఇచ్చిన టీ తాగుతూ చెప్పాడు.

"నొప్పుందా అని అడిగాడు డాక్టరు. నో పెయిన్ సార్, ఫుల్ స్ట్రాంగ్ సార్ అన్నాడు మన బావ. చెయ్యెత్తమన్నాడు. ఎత్తేశాడు."

"ఎలాగ ఎత్తాడు?" అంది అత్త.

"ఒళ్ళంతా ఎడం పక్కకి వంచి ఒక్క విసురు విసిరాడు. చెయ్యి దాని దారిన అది పైకెళ్ళింది. అంతటితో ఆగాడా? అడక్కుండానే పక్కనున్న కుర్చీ ఎడం చేత్తో ఎత్తి చూపించాడు."

"అందులో ఎవరూ లేరు కదా?"

"లేరు. నర్సు అప్పుడే లేచింది."

మావయ్య గోడకి ఆనుకుని కూర్చుని, కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు. బిళ్ళ ప్రభావం తగ్గుతున్నట్టుంది, నవ్వు ఒక పక్కకే వెళ్తోంది.

కొన్నాళ్ళకి కంపెనీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఫిట్ అన్నారు, పాత పనికే అన్నారు, పొద్దున్నే డ్యూటీకి రమ్మన్నారు. మావయ్య వెంటనే కిందికెళ్ళి మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. ఎదురు గదిలో రషీద్ భాయ్ ఉంటాడు. ఆయనది జగిత్యాల. మినీ బస్సు తోలుతాడు. క్యాంపుల నుంచి పనివాళ్ళని ఆసుపత్రులకీ ఆఫీసులకీ తిప్పడమే ఆయన పని. ముందు ఆయన దగ్గరికే వెళ్ళాడు మావయ్య.

మిఠాయి ఎడం చేత్తో ఇవ్వకూడదు. అందుకని డబ్బా కుడి చేతిలో పెట్టుకుని, ఆ మోచేతిని ఎడం చేత్తో కిందనుంచి ఎత్తిపట్టుకుని చాపాడు. రషీద్ భాయ్ మైసూర్‌పాక్ తీసుకుంటూ ఆ రెండు చేతులవైపూ చూశాడు.

"ఏంది భీమన్నా, మీ దుర్గగాని పెండ్లి కుదిరిందా?"

"పెళ్ళి కాదయ్యా. పాసయ్యాను. ఫిట్."

"ఏ పనికి ఫిట్?"

"ఏ పనికేంటి? పాత పనికే. గేట్లు ఎత్తడానికి."

రషీద్ భాయ్ నమలడం ఆపేశాడు. మింగాలా వద్దా అన్నట్టు కాసేపు బుగ్గన ఉంచుకుని, చివరికి మింగేశాడు.

"అన్నా, గీ డబ్బా పట్టనీకే నీకు రెండు చేతులు గావాలె. గేటు ఎట్ల ఎత్తుతవ్?"

"ఎత్తగలనని డాక్టరే రాశాడు కదా."

"డాక్టరు ఎందుకు రాసిండు? నువ్వు కుర్చీ ఎత్తినవ్, గందుకు రాసిండు. అప్పాజీ క్యాంపు మొత్తం చెప్పిండు." రషీద్ భాయ్ గుమ్మంలోనే కూర్చున్నాడు. "కూసో. చెప్త. గిది వీసా మెడికల్ గాదు. గిందుల పాసు, ఫెయిలు ఉండవ్. బండిని చూసినట్టు చూస్తరు. ఒకటి, బండి మంచిగున్నది, లోడ్ వేసుకొని హైవే మీద తోలు అంటరు. రెండోది, బండి నడుస్తది గని లోడ్ వెయ్యకు, ఊర్లనే తోలు అంటరు. మూడోది, ఇగ నడవది, పక్కకు పెట్టు అంటరు. పక్కకు పెడితె దానికి రావల్సింది దానికి వస్తది. నీ బండికి ఇరుసు ఇరిగింది. నువ్వేమో హైవే అని రాయించుకొని మిఠాయి పంచుతున్నవ్."

"ఫిట్ తప్పితే అన్‌ఫిట్. మధ్యలో ఇంకోటి ఎక్కడుంటుందయ్యా?" అన్నాడు మావయ్య. "అన్‌ఫిట్ అంటే విమానం ఎక్కించేస్తారు. నన్ను కన్నబాబుని చెయ్యాలని చూస్తున్నావు నువ్వు."

"కన్నబాబు ఎవరు?"

"పాపం" అంటూ మొదలుపెట్టాడు మావయ్య.

అత్త డబ్బా మూతపెట్టి లోపలికి తీసుకుపోయింది. మిగతా గదులవాళ్ళకి ఆ రోజు మైసూర్‌పాక్ అందలేదు.

మర్నాటి నుంచి మావయ్య గేట్లు ఎత్తడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు వచ్చేసరికి భుజం పొంగిన పూరీలా ఉండేది. అత్త వేణ్ణీళ్ళ గుడ్డ కాపడం పెడుతుంటే, "ఏసీ గాలికి పట్టేసింది" అనేవాడు. వర్క్‌షాపులో ఏసీ లేదని మాకందరికీ తెలుసు. బరువు తగ్గించమని ఒకసారి ఫోర్‌మన్‌ని అడిగాడట. "నువ్వే ఫిట్ అనిపించుకుని వచ్చావు కదా భాయ్, నేనేం చెయ్యను?" అన్నాడట అతను. అందులో ఫోర్‌మన్ తప్పు నాకు కనిపించలేదు.

అలా ఉండగా ఒక రోజు మావయ్యతోపాటు మల్లేష్ వచ్చాడు. నిజామాబాద్ కుర్రాడు, గేటుకి అవతలి కొస పట్టేది అతనే. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది.

"అక్కా, నీకు చెప్పిపోదామని వచ్చిన" అన్నాడు అత్తతో. "అన్న పట్టిన కొస జారింది. నేను ఎనుకకు దుంకిన, గందుకు ప్యాంటుతోటి పోయింది. అన్న మెడికల్ పాసయిండు, మంచిదే. గని నాకింక పెండ్లి గాలే."

మల్లేష్ వెళ్ళాక అత్త సూదీ దారం పట్టుకుని, "ఆ ప్యాంటు పంపించమనాల్సింది" అని, మళ్ళీ సూది పక్కన పెట్టేసింది. ఆ రాత్రి మావయ్య అన్నం సగంలో వదిలేసి ఎదురు గది తలుపు కొట్టాడు.

"రషీదూ, ఆ రెండో బండి సంగతి చెప్పు."

మళ్ళీ చూడమని కమిటీని అడగొచ్చని రషీద్ భాయ్ చెప్పాడు. కంపెనీ ఆఫీసుకి వెళ్ళి ఎలా అడగాలో నాకు నేర్పించాడు. మల్లేష్ కాలు ఎలాగో తప్పించుకుంది గానీ ఇంకోసారి ఎవరి కాలో పోతుందని ఫోర్‌మన్ కూడా అనుకున్నాడేమో, ఆఫీసువాళ్ళు అడ్డు చెప్పలేదు. వెళ్ళేముందు రషీద్ భాయ్ ఒకటే మాట అన్నాడు.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

అది మావయ్యకు మరీ తేలిగ్గా అనిపించింది. మళ్ళీ అప్పాజీకి ఫోన్ చేశాడు.

"పాసవ్వడమే నేర్పాను గానీ ఫెయిలవ్వడం ఎప్పుడూ నేర్పలేదు బావా" అని అప్పాజీ కాసేపు ఆలోచించాడు. "మొత్తం తిరగెయ్. నవ్వకు. గడ్డం గీసుకోకు. ముట్టుకుంటే మూలుగు. కొంచెం కుంటు."

"దెబ్బ తగిలింది భుజానికి కదా, కుంటడం దేనికి?" అంది అత్త.

"నొప్పి పైనే ఉంటుందా అక్కా? దిగుతుంది."

ఈసారి అత్త, నేను ఇద్దరం వెళ్ళాం. రషీద్ భాయ్ బస్సులో దింపాడు. బస్సు దిగగానే మావయ్య కుడి కాలు కుంటడం మొదలుపెట్టాడు. వరండాలో కుర్చీలో కూర్చున్నాక మంచినీళ్ళకని లేచి, ఎడమ కాలు కుంటుకుంటూ వచ్చాడు. నేను చెప్పాలా వద్దా అనుకుంటుండగానే లోపలికి పిలిచారు.

లోపల ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. ఒకాయన పెద్దవాడు, ఇంకొకావిడ పాదాలదాకా ఉన్న నల్ల అబాయా మీద తెల్లకోటు వేసుకుంది. డాక్టరమ్మ మాటల్ని మలయాళీ నర్సు హిందీలో చెప్తుంది, నేను తెలుగులో చెప్పాలి. నర్సు మావయ్యని చూడగానే గుర్తుపట్టి, తన కుర్చీ గోడ దగ్గరికి లాక్కుంది.

డాక్టరమ్మ లేచి దగ్గరికి వచ్చింది. మావయ్య మూలిగాడు.

"ఇంకా ముట్టుకోలేదు" అంది నర్సు.

నేను తెలుగులో చెప్పాను. మావయ్య మూలుగు ఆపి, ఆవిడ భుజం పట్టుకోగానే మళ్ళీ మొదలుపెట్టాడు. చొక్కా విప్పమన్నారు. విప్పడానికి ఎడం చెయ్యి సరిపోతుంది కాబట్టి మెలికలు తిరుగుతూ విప్పాడు. చెయ్యెత్తమంటే ఈసారి నడుము దాకా కూడా ఎత్తలేదు. నడవమంటే రెండు కాళ్ళూ కుంటుతూ నడిచాడు.

డాక్టరమ్మ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పెద్దాయనతో ఏదో అంది. ఆ తర్వాత మెల్లగా ఒక ప్రశ్న అడిగింది.

"పోయినసారి వచ్చినతను కుర్చీ ఎత్తాడంట మావయ్యా" అని నేను చెప్పాను. "ఈసారి వచ్చినతను నడవలేకపోతున్నాడు. వీళ్ళిద్దరిలో తను ఎవరి గురించి రాయాలి అని అడుగుతున్నారు."

మావయ్య ఆ ప్రశ్న నేనే అడిగినట్టు నావైపు చూశాడు. అప్పాజీ దీనికి ఏం చెప్పాలో చెప్పలేదు.

డాక్టరమ్మ పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. చొక్కా వేసుకోమని నర్సు చేత్తో సైగ చేసింది. ఇదంతా నాటకమనుకుని పాత ఫిట్టే ఉంచేస్తుందని, రేపటి నుంచి మళ్ళీ గేట్లేనని నాకర్థమైంది. మావయ్యకీ అర్థమైనట్టే ఉంది, ఎడం చేతిలో చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఉండు" అంది అత్త వెనకనుంచి.

లేచి వచ్చి చొక్కా అందుకుంది. కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని చొక్కా చేతిలోకి దూర్చింది. వెనకనుంచి చుట్టి తిప్పి ఎడమ చెయ్యి తొడిగింది. కాలరు సర్ది, గుండీలు పెట్టింది. ఆ తర్వాత ఆయన జేబులోంచి దువ్వెన తీసింది. మావయ్య అలవాటుగా తల కొంచెం వంచాడు. అత్త పాపిడి తీసి దువ్వి, దువ్వెన మళ్ళీ జేబులో పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది. అది ఎవరైనా చూడాల్సిన విషయమని ఆవిడకి తోచలేదు. బస్సు తప్పిపోతుందేమోనని గోడ గడియారం వైపు చూసింది.

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"రోజూ ఇలాగేనా?" అని నర్సు అడిగితే నేను అత్తకి చెప్పాను.

"ఎలాగ?" అంది అత్త. "చొక్కా వెయ్యడమా? వెయ్యకపోతే ఎలాగమ్మా, చెయ్యి లేవదు కదా."

"ఇంటి సంగతులు ఇక్కడ చెప్తావేంటే" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. మొత్తం మీద ఆయనకి నిజంగా సిగ్గేసింది అప్పుడే.

డాక్టరమ్మ అత్తని కదలొద్దని చెప్పి, మావయ్యకి దువ్వెన తీసి దువ్వుకోమంది. కుడి చేత్తో. మావయ్య దువ్వెన పట్టుకున్నాడు. చెయ్యి గడ్డం దాకా వచ్చి అక్కడ ఆగింది. ఎడం పక్కకి వంగి విసరబోయాడు గానీ ఇవాళ బిళ్ళ వేసుకోలేదు. చేసేది లేక తలనే కిందికి దించి దువ్వెనకి ఆనించాడు. ఎవరూ నవ్వలేదు. మూలుగు కూడా రాలేదు. పళ్ళు బిగబట్టడం మాత్రం కనిపించింది.

"ఏం చెయ్యగలవు?" అని అడిగారు.

మావయ్య నావైపు తిరిగాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్ దుర్గా. కూర్చుని వెల్డింగ్ చేస్తాను. రంగులేస్తాను. ఎడం చేత్తో బోలెడు పని చేస్తాను. గేటు మాత్రం ఎత్తలేను. ఎత్తితే పక్కవాడి మీద పడేస్తాను." కాసేపు ఆగి, "కాళ్ళు బానే ఉన్నాయని చెప్పు" అన్నాడు. మళ్ళీ ఆగి, "ఇంటికి మాత్రం పంపించెయ్యొద్దను" అన్నాడు.

అన్నీ చెప్పాను. కాళ్ళ సంగతి తనకి తెలుసంది డాక్టరమ్మ. ఇంటికి పంపడం, పంపకపోవడం తన చేతిలో లేదు. ఆ చెయ్యి ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో రాయడమే తన పని అంది. బయటికి వస్తుంటే నర్సు తన కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకుంది.

ఫలితం వచ్చిన రోజు మావయ్య మిఠాయికి వెళ్ళలేదు. రషీద్ భాయ్ వచ్చేదాకా కాగితం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పని చెయ్యొచ్చు, బరువులు ఎత్తకూడదు, భుజం దాటి చెయ్యి లేపే పని చెప్పకూడదు, కొన్నాళ్ళకి మళ్ళీ చూస్తారు, చెయ్యి అప్పటికీ ఇలాగే ఉంటే దానికి రావాల్సిన నష్టపరిహారం అప్పుడు తేలుస్తారు. రషీద్ భాయ్ ఇంత వివరంగా చెప్పాక మావయ్య అడిగాడు.

"ఇంతకీ పాసా, ఫెయిలా?"

"ఊర్ల తిరిగే బండివి అన్నా" అన్నాడు రషీద్ భాయ్.

వర్క్‌షాపువాళ్ళు బాగా ఆలోచించి మావయ్యకి పీట వేసి గేట్లకి రంగు వేసే పని ఇచ్చారు. భుజం దాటకూడదు కాబట్టి గేటు కింది సగం ఆయన వేస్తాడు, పై సగం మల్లేష్ వేస్తాడు. మల్లేష్ చేతికి కుదురు లేదని మావయ్య ఫిర్యాదు. ఇప్పుడు శుక్రవారం షాపింగుకి వెళ్ళినా ఏ విల్లా గేటు దగ్గరైనా ఆగి, "ఇదిగో, ఇక్కణ్ణుంచి కిందికి చూడు దుర్గా" అంటాడు.

ఇంట్లో మాత్రం ఫలితం ఇంకో రకంగా అమలైంది. అత్త పై అరమీది కందిపప్పు డబ్బా అడిగితే, "భుజం పైకి వద్దంది డాక్టరమ్మ" అన్నాడు. బట్టలు ఆరెయ్యమంటే తాడు ఎత్తుగా ఉందన్నాడు. దేవుడి పటం తుడవమంటే ఆయన ఇంకా పైనున్నాడన్నాడు. కింద ఉన్న చీపురు చూపిస్తే, "బరువులు కూడా వద్దంది" అన్నాడు.

అత్త కొన్నాళ్ళు విన్నది. ఒక శుక్రవారం మావయ్య అప్పాజీ దగ్గరికి వెళ్ళినప్పుడు నన్ను స్టూలు పట్టుకోమని ఎక్కింది. పప్పులు, చింతపండు, పచ్చడి జాడీ, అన్నీ దించి పొయ్యి పక్కన కింది అరలో సర్దింది. బట్టల తాడు విప్పి నడుమెత్తులో కట్టింది. దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, మేకు పీకి, మావయ్య ఛాతీ ఎత్తులో కొట్టింది. చీపురు బరువు ఎంతుంటుందో రషీద్ భాయ్‌ని అడిగింది. ఆయన చేతిలో ఊపి చూసి, "గిది లోడ్ కింద రాదు అక్కా" అన్నాడు.

మావయ్య వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. ముందు తాడు నడుముకి తగిలింది.

"ఏంటే ఇదంతా?"

"డాక్టరమ్మ చెప్పినట్టే" అంది అత్త పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండా. "భుజం పైన ఏమీ లేదు ఇంక. ఎసరు కాగుతోంది, కందిపప్పు అందుకో."

మావయ్య అరవైపు చూశాడు. డబ్బా సరిగ్గా చేతికి అందే చోట ఉంది. సాయం కోసం రషీద్ భాయ్ వైపు తిరిగాడు.

"పో అన్నా" అన్నాడు రషీద్ భాయ్. "ఊర్లనే కద."